టమోటా రేటు గురించి నేను చెప్పిన జవాబు

ఇన్నేళ్ళూ నేను ఏమీ రాయలేదు. రాసేందుకు సంగతులు లేక కాదు, అక్షరాలు రాక. అక్షరాలు రాకపోవడానికి కారణం బడి లేకపోవడమూ కాదు. పుంగనూరు దగ్గర మా ఊళ్ళో బడి మా ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉండేది. ఫీజు లేదు. పలక కూడా వాళ్ళే ఇస్తామన్నారు. ఒకసారి బడి అయ్యవారు మా ఇంటికే వచ్చి అడిగాడు. మా అమ్మ ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"ఫీజు లేదంటాండావు, సరే సామీ. ఈ పిల్ల బడికొస్తే చింతపండు కొట్టేదెవురు? సిన్నోడిని ఎత్తుకునేదెవురు? దీని బదులు నువ్వొగ మనిసిని పంపిస్తావా?"

ఆయన మజ్జిగ తాగి, చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు. నేను గుమ్మం పక్కన తమ్ముణ్ణి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాను. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూశాను.

మా అమ్మ చెప్పిన ఆ లెక్కకు అర్థశాస్త్రంలో ఒక పేరుందని నాకు అరవై దాటాక తెలిసింది. అవకాశ వ్యయం అంటారు. మనం ఒక పనిని ఎంచుకుంటే, దానికోసం వదులుకున్న ఇంకో పనే దాని అసలు ఖరీదు. బడికి ఫీజు లేకపోయినా నేను బడికి వెళ్ళడం మా అమ్మకు చాలా ఖరీదు. ఆమెకు ఆ పేరు తెలియదు, ఆ లెక్క మాత్రం బాగా తెలుసు. నాకు ఆమె మీద కోపం లేదు. అప్పుడూ లేదు.

చింతపండు కాలమంటే ఇప్పటికీ నాకు ఇష్టమే. మాఘం దాటి ఎండ ముదిరేసరికి మా ఊరి చింతపండు షెడ్డులో బస్తాలు దిగేవి. పెంకు వలిచి, నార తీసి, చిన్న కొయ్యసుత్తితో కొట్టి గింజ తీయాలి. వేళ్ళ చివర్లు నల్లబడేవి. ఎంత తోమినా ఆ నలుపు ఉగాది దాకా పోయేది కాదు. పనిలో కూర్చున్న ఆడవాళ్ళందరూ నోట్లో ఒక తునక వేసుకుని చప్పరిస్తూ కబుర్లు చెప్పేవాళ్ళు. మొదటి తునకకు ఒళ్ళు ఝల్లుమనేది. నాలుగోదానికి నాలుక పొక్కేది. ఐదోది ఎవరూ తినేవాళ్ళు కాదు, అందుకే షెడ్డు యజమాని తినవద్దని ఎవరికీ చెప్పేవాడు కాదు. దీనికి కూడా అర్థశాస్త్రం పుస్తకంలో ఒక సూత్రం ఉంది. ఒకే వస్తువును వరసగా తీసుకుంటూ పోతే, తరవాత తరవాత తీసుకున్నదానితో కలిగే తృప్తి తగ్గుతుందని. అది చదివినప్పుడు ఆ పుల్లటి వాసన నా ముక్కుకు తగిలింది.

పెళ్ళయ్యాక మదనపల్లె వైపు వెళ్ళాను. మా ఆయనకు రెండెకరాల చేను, ఒక బోరు. ఆ చుట్టుపక్కల అందరిలాగే టమోటా పెట్టేవాళ్ళం. మొక్క మోకాలెత్తు రాగానే పక్కన కట్టె నాటి, పురితాడుతో కట్టాలి. ఎకరాకు ఎన్ని కట్టెలు కావాలో చెప్తే బయటివాళ్ళు నమ్మరు. కోతకొచ్చాక రోజు విడిచి రోజు కాయలు తెంపాలి. దూరం పోయే లారీలకు దోరకాయ, దగ్గరి ఊళ్ళకు పండు. మొదట్లో వెదురు గంపల్లో తీసుకెళ్ళేవాళ్ళం. గంప అడుగున వేపాకు వేసి, పైన గోనెపట్టా కుట్టేదాన్ని. తరవాత ప్లాస్టిక్ బాక్సులు వచ్చాయి. బాక్సులొచ్చాక కాయ నలగడం తగ్గింది గానీ, తెల్లవారుజామున గోనె కుడుతూ మా ఆయనతో మాట్లాడుకునే ఆ కాస్త సేపు పోయింది.

మదనపల్లె మండీకి నేనూ వెళ్ళేదాన్ని. మా ఆయన నెమ్మది మనిషి, గట్టిగా అడగలేడు. అందుకని అడిగే పని నాకు పెట్టాడు. మా మండీలో వేలం పాడేది ఒక ముస్లిం పెద్దాయన. ఇంట్లో ఉర్దూ, రైతులతో తెలుగు, బెంగళూరు నుంచి వచ్చిన కొనుగోలుదార్లతో కన్నడం. మూడు భాషల్లోనూ ఆయన గొంతు ఒకటే, బొంగురుగా. అందరూ భాయ్ అనేవాళ్ళు. కాయను చేతిలోకి తీసుకుని, నొక్కకుండా, ఊరికే బరువు చూసి రేటు మొదలుపెట్టేవాడు.

ఒక ఎండాకాలం నాకు బాగా గుర్తుంది. దానికి ముందు ఏడు రేటు బాగా పలికింది. దాంతో ఎప్పుడూ టమోటా పెట్టనివాళ్ళు కూడా పెట్టారు. పెద్దమండ్యం వైపు మెట్టచేలవాళ్ళు ట్యాంకర్లతో నీళ్ళు తోలి మరీ పెట్టారు. మా కాయ కోతకొచ్చేసరికి అందరిదీ కోతకొచ్చింది. ఆరోజు మేము పొద్దున్నే మండీలో దిగాం. మొదటి బండికి ఒక రేటు పలికింది. మా వంతు వచ్చేసరికి అది సగమైంది.

"ఏం భాయ్, ఇంతకు ముందుండిన రేటు యాడికి పాయ?" అని అడిగాను.

"నన్నడిగితే ఎట్లమ్మా? ఆ గేటు తట్టు సూడు. బండ్లు ఆగతాండాయా?"

చూశాను. గేటు బయట రోడ్డు మలుపు దాకా టెంపోలు, ట్రాక్టర్లు, ఎద్దులబండ్లు కూడా.

మా ఆయన నా చెవి దగ్గరికొచ్చి, "వెనక్కి తీసకపోదామా?" అన్నాడు.

"తీసకపోయి ఏం సేస్తావు? ఊరంతటికీ పులుసు కాస్తావా?"

భాయ్ వేలం ఆపి మరీ నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు. కాయలు ఆ రేటుకే ఇచ్చేశాం. ఇంటికొచ్చే దారిలో ప్రతి చేనులోనూ జనం వంగి కాయలు తెంపుతున్నారు. రేపు ఇంకా పడుతుందన్న భయంతో ఇవాళే తెంపుతున్నారు. మేమూ అదే చేశాం. మర్నాడు తెంపాల్సినవి ఆ మధ్యాహ్నమే తెంపి, మరుసటి పొద్దున ఇంకా ఎక్కువ బాక్సులతో వెళ్ళాం. రేటు ఇంకా పడింది. పండిన కాయ మన మాట విని ఆగదు కదా.

ఆ కారు, అంటే ఆ పంటకాలం, అయిపోయాక మా ఆయన చేనులో కట్టెలన్నీ పీకి ఇంటి వెనక పేర్చాడు. అవి చాలా ఏళ్ళు అక్కడే ఉన్నాయి. వాటి సంగతి మళ్ళీ చెప్తాను.

ఆయన పోయాక చేను గుత్తకిచ్చి పుంగనూరులో చిన్న ఇల్లు తీసుకున్నాను. మళ్ళీ చింతపండు షెడ్డులో చేరాను. కూతురు, అల్లుడు మదనపల్లెలో ఉంటారు. అల్లుడు చేలనుంచి మండీకి బాక్సులు తోలే టెంపో నడుపుతాడు. మనవరాలు చిన్నప్పటినుంచీ నా దగ్గరే పెరిగింది. ఇంటర్ అయ్యాక కుప్పంలో డిగ్రీలో చేరి హాస్టల్లో ఉంది. పదిహేను రోజులకోసారి వచ్చేది. మా ఇళ్ళల్లో డిగ్రీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల అది. టీచరు కావాలని దాని కోరిక. నా కోరిక కూడా.

మొదటి సెమిస్టరులో అర్థశాస్త్రం ఉంది. పరీక్షలకు వారం ముందు ఒక సాయంత్రం ఫోన్ చేసింది.

"అవ్వా, ఒగ మాట సెప్పు. టమోటా రేటు పడిపోతే మనోళ్ళు మండీకి సరుకు ఎక్కవ తెస్తారా, తక్కవ తెస్తారా?"

"ఎక్కవే తెస్తారు. ఇదొగ ప్రశ్నా?"

"పుస్తకంలో తక్కవ తెస్తారని ఉండాది."

"ఆ పుస్తకం రాసినాయప్ప ఎప్పుడన్నా టమోటా పెట్టినాడా? నేను కండ్లారా సూసినాను పాపా. నా మాట రాయి."

అది పకపకా నవ్వింది. సప్లయి సూత్రమన్న పెద్ద ప్రశ్నకు నా మాటే రాసింది. ఒక్క ముక్క కూడా వదలకుండా, ఆ ఎండాకాలం, గేటు బయట బండ్ల వరస, అన్నీ రాసింది.

ఆ పేపరు తప్పింది. కొద్ది మార్కుల్లో పోయింది. డబ్బు కట్టి తన జవాబు పత్రం జిరాక్సు తెప్పించుకుని, దాన్ని పట్టుకుని ఇంటికొచ్చింది. నా ముందు చాప మీద పరిచింది. నాకు అందులో ఒక్క అక్షరం తెలియదు. కానీ రెండు పేజీల మీద ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా గీసిన గీత మాత్రం కనిపించింది.

"ఇంత పొడుగు ఏం రాసినావు పాపా?"

"నువ్వు సెప్పిందే అవ్వా."

అది కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

అల్లుడు మంచివాడే. కానీ టెంపో మీద బతుకు, ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు. మరుసటి ఆదివారం వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"అత్తా, ఇంగొగతూరి సూస్తాను. ఆ తూరి కూడా తప్పితే సదువు సాలు. గార్మెంట్ కంపెనీ బస్సు మా ఇంటి ముందరే ఆగతాది. పిల్ల దాన్నెక్కి పనికి పోతాది."

"కూసో అప్పా, కాఫీ తాగు."

"కాఫీ తాగినా మాట ఇదే అత్తా."

మళ్ళీ అదే పరీక్ష రావాలంటే ఏడాది ఆగాలట. నేను ఆ ఏడాది గురించే ఆలోచించాను. పిల్ల చదువుకు అడ్డుపడింది నేను. ఎక్కడ తప్పు చెప్పానో నాకు తెలియదు, ఎందుకంటే నేను చెప్పింది నిజం. నిజం చెప్తే తప్పెట్లా అయిందో ఆ పుస్తకంలోనే ఉండాలి. పుస్తకం మా ఇంట్లోనే ఉంది. పిల్లకు దాన్ని చూస్తేనే ఏడుపొస్తోందని, సన్నటి గైడు ఒకటి కొనుక్కుని, ఆ పుస్తకాన్ని నా ట్రంకుపెట్టెలో పడేసి కుప్పం వెళ్ళింది.

మా వెనక వీధిలో ఒక రిటైరైన నర్సు ఉంది. మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో పనిచేసింది. నా కూతురు పుట్టింది ఆమె చేతుల్లోనే. అందరూ సిస్టరమ్మ అంటారు, నేను అక్కా అంటాను. ఆదివారం ఆమె చర్చి నుంచి వచ్చేదాకా కాచుకుని అడిగాను.

"అక్కా, నాకు అక్షరాలు నేర్పించు."

"ఇప్పుడా? యాల?"

"పిల్లకి తప్పు సెప్పినాను. యాడ తప్పిందో సూడల్ల."

"దానికి సదువెందుకమ్మా? పిల్లని క్షమించమని అడిగితే సాలదా?"

"క్షమాపణకి మార్కులెయ్యరు కదక్కా."

ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "పలక తెచ్చుకో" అంది.

ఆమె నేర్పిన పద్ధతి ఆసుపత్రి పద్ధతి. మందు సీసాలకు తెల్లటి ప్లాస్టరు ముక్క అంటించి పేరు రాసే అలవాటు ఆమెది. మా వంటింట్లోకొచ్చి డబ్బాలన్నిటికీ అట్లాగే అంటించింది. ఉప్పు. కారం. రాగులు. పసుపు. మూత తీయకుండా, వాసన చూడకుండా, చదివి చెప్పాలి. నేను తెలివిగా డబ్బా ఉండే చోటును బట్టి చెప్పేదాన్ని. ఆమె అది కనిపెట్టి, ఒక రోజు నేను షెడ్డుకు వెళ్ళినప్పుడు డబ్బాల చోట్లన్నీ మార్చేసింది. ఆరోజు మా రసంలో పంచదార పడింది.

"ఇప్పుడు సదవతావు" అంది, ఆ రసమే ఇంత గ్లాసులో పోసుకుని తాగుతూ.

మనవరాలికి తెలియకూడదనుకున్నాను. నాకు రాకపోతే ఆ పిల్లకు అదొక దిగులు. అందుకని అది వచ్చే శనివారం పొద్దున డబ్బాల మీది ప్లాస్టర్లన్నీ పీకేసేదాన్ని. అది వెళ్ళాక సిస్టరమ్మ మళ్ళీ అంటించాలి. "నువ్వు పీకతాండావు, నేను కొంటాండాను. నీ సదువుకంటే నా ప్లాస్టరు ఖర్చే ఎక్కవైతాండాది" అని గొణిగేది.

వానలు మొదలయ్యేసరికి బస్సు బోర్డులు చదివాను. సదుం, పలమనేరు, కుప్పం. ఆ బస్సులన్నీ నేను రంగును బట్టీ, డ్రైవరు కేకను బట్టీ ఎక్కినవే. ఇప్పుడు స్టాండులో ఊరికే నిలబడి, ఎక్కని బస్సుల పేర్లు కూడా చదువుకుంటుంటే ఎంత బాగుండేదో. చింతపండు షెడ్డులో చేతులు పనిచేస్తుంటే, కళ్ళు ఎదుటి బస్తాల మీది రాతల్ని కూడబలుక్కునేవి. నెలకు రెండు రోజులు పని మానేదాన్ని కూడా, చదువుకోవడానికి. ఆ కూలి పోతే పోయిందనుకున్నాను.

దసరా దాటాక పుస్తకం బయటికి తీశాను. దాని మొదటి భాగం పేరే నా నోటికి పట్టలేదు. సూక్ష్మ అర్థశాస్త్రం. ఒక మనిషి, ఒక ఇల్లు, ఒక మండీ ఎట్లా కొంటాయో ఎట్లా అమ్ముతాయో చెప్పేది సూక్ష్మం. దేశం మొత్తం కలిపి చూసేది స్థూలం. అది రెండో భాగం. నాకు కావలసింది మొదటి భాగంలో సప్లయి పాఠం. ఆ పాఠంలో మొదటి వాక్యం దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. ఇతర పరిస్థితులలో మార్పు లేనప్పుడు అని మొదలవుతుంది. చదివి నవ్వొచ్చింది. వాన, కూలివాళ్ళు, పక్క చేను, బెంగళూరు లారీ, వీటిలో ఒక్కటైనా మారని రోజు నా బతుకులో ఏది?

సిస్టరమ్మను అడిగాను.

"జ్వరానికి మందిచ్చేటప్పుడు ఒగేసారి నాలుగు మందులిస్తే, ఏది పనిచేసిందో డాక్టరుకు తెలస్తాదా? ఒగటి మార్చి, మిగిలినవి అట్లే పెట్టి సూస్తారు. ఇదీ అట్లే. ధర ఒగటే మారింది, ఇంగేదీ మారలేదు అనుకొని సూడమంటాండారు."

అనుకొని చూశాను. ధర తగ్గితే సరుకు తగ్గుతుంది, ధర పెరిగితే సరుకు పెరుగుతుంది. పోట్లాటకు సిద్ధమై, చదివిందే మళ్ళీ మళ్ళీ చదివాను. అప్పుడు, ఎందుకో, ఇంటి వెనక పేర్చిన కట్టెలు గుర్తుకొచ్చాయి.

రేటు పడిన ఆ ఎండాకాలం తరవాత మా ఆయన టమోటా పెట్టలేదు. కట్టెలు పీకి పేర్చి, చెనక్కాయలు, అదే వేరుశనగ, వేశాడు. పక్క చేనువాళ్ళు రాగులు వేశారు. ట్యాంకర్లతో నీళ్ళు తోలినవాళ్ళు చేలు బీడు పెట్టారు. మరుసటి ఏడు అదే నెలలో ఏదో పనిమీద మదనపల్లె వెళ్ళి మండీలోకి తొంగిచూశాం. గేటు బయట బండ్లు లేవు. భాయ్ స్టూలు మీద తీరుబడిగా కూర్చుని టీ తాగుతున్నాడు. మమ్మల్ని చూసి, "ఏమప్పా, కాయలేయీ? ఈ పొద్దు నువ్వడిగిందే రేటు!" అన్నాడు. మా ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "కట్టెలుండాయి భాయ్, కావల్లా?" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఇంటికొచ్చాక ఆయన వెనకవైపు వెళ్ళి ఆ కట్టెల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ కాసేపు ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని మా అదృష్టం బాగాలేకపోవడం అనే అనుకున్నాను.

అదే సప్లయి సూత్రం. మా ఆయన ఒక్కో కట్టెనూ పీకుతూ ఆ సూత్రాన్నే నడిపాడు. ధర పడింది, సరుకు తగ్గింది. కాకపోతే మర్నాడు కాదు, మరుసటి కారుకు. నేను పిల్లకు చెప్పింది ఒక రోజు సంగతి. పుస్తకం చెప్పింది కారు సంగతి. రెండూ నేను చూసినవే. ఒకటి చెప్పి, రెండోది మరిచిపోయాను.

పేజీ తిప్పితే ఇంకో చిన్న తలకట్టు ఉంది. మినహాయింపులు. సూత్రం పనిచేయని సందర్భాలు అని అర్థం. అందులో త్వరగా చెడిపోయే సరుకు గురించి ఉంది. దాచిపెట్టే వీలులేక ధర తగ్గినా అమ్మేయవలసి వస్తుందని. నేను ఆ వరసను వేలితో మూడుసార్లు చదివాను. ఎవరో పెద్దమనిషి నా మాట కూడా విని, మర్యాదగా ఆ మూల రాసిపెట్టినట్టుంది.

ఆ శనివారం నేను ప్లాస్టర్లు పీకలేదు. మనవరాలు వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లోకి వెళ్ళి అక్కడే నిలబడిపోయింది.

"అవ్వా, ఈ డబ్బాలకేమాయ? దెబ్బలు తగిలినాయా?"

"ఈడ కూసో. ఆ పుస్తకం గురించి నీకొగ మాట సెప్పల్ల."

"వద్దు అవ్వా. కాళ్ళు పట్టుకుంటాను. ఈతూరి గైడులో ఉండేది ఉండేట్లు బట్టీ కొట్టి రాస్తాను. నువ్వేం సెప్పొద్దు."

"నేను సెప్పను. సదవతాను. నువ్వు విను."

పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. వేలు ఆనించి మొదలుపెట్టాను. సూత్రం చదివాను, పేజీ తిప్పి మినహాయింపు చదివాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళేదాన్ని. తల ఎత్తి పిల్ల ముఖం చూడడానికి భయమేసింది. కాసేపటికి అది నా పక్కకు జరిగింది. నేను తప్పు పలికిన చోట తన వేలు పెట్టి, "అట్ల కాదు, మినహాయింపు" అంది. ఇద్దరి వేళ్ళూ ఆ వరస మీదే ఉన్నాయి.

తరవాత నేను కట్టెల సంగతి చెప్పాను. వాళ్ళ తాత వాటి మీద కూర్చున్న సంగతి కూడా.

"అయితే పోయిన ఏడు నేను రాసింది తప్పు కాదా?" అని అడిగింది.

"తప్పు కాదు. సగం. సగానికి ఎవురు మార్కులేస్తారు?"

"నువ్వే కదా ఆ సగం సెప్పింది!"

"అందుకే కదమ్మే ఇంత వయసులో పలక పట్టింది. మిగిలిన సగం తెచ్చిచ్చినాను, రాసుకో."

అప్పుడు నవ్వింది. ఫోన్‌లో నవ్విన నవ్వే. గైడు మూసేసి, ఆ రాత్రికి పుస్తకాన్ని తన తల దగ్గర పెట్టుకుంది.

పరీక్షకు నేనూ కుప్పం వెళ్ళాను. ముందు రోజు పని మాని, పలమనేరు మీదుగా బస్సులో. గంగవరం బోర్డు కనిపిస్తే పైకి చదివాను. ముందు సీటులో కూర్చున్న ఒకామె వెనక్కి తిరిగి నన్ను చూసింది. పరీక్ష జరుగుతున్నంతసేపూ కాలేజీ ఎదురుగా ఒక టీ అంగడి బల్ల మీద కూర్చున్నాను. అల్లుడు రెండుసార్లు ఫోన్ చేశాడు. "ఎట్ల రాస్తాందంట?" అని అడుగుతాడు. లోపలున్న పిల్ల సంగతి బయటున్న నాకేం తెలుస్తుంది? అయినా "బాగా రాస్తాండాది" అన్నాను. ఆయన గొంతులో కూడా భయం ఉందని నాకు అప్పుడే తెలిసింది. కంపెనీ బస్సు గురించి ఆయన చెప్పిన మాట ఆయనకూ ఇష్టమై చెప్పింది కాదు.

పిల్ల బయటికొచ్చి, నా టీ గ్లాసు లాక్కుని తాగేసింది.

"వచ్చిందా?"

"వచ్చింది. ముందు సూత్రం రాసినాను. మరుసటి కారుకి తాత కట్టెలు పీకింది రాసినాను. ఆ తర్వాత మినహాయింపులని తలకట్టు పెట్టి, నీది రాసినాను."

"నా మాట ముందు రాయలేదా?"

"కడాకు రాసినాను. నీకు అదే ఎక్కవ."

ఫలితాలు రావడానికి రెండు నెలలు పట్టింది. మళ్ళీ చింతపండు కాలమొచ్చింది. ఒక సాయంత్రం షెడ్డు నుంచి ఇంటికొచ్చేసరికి పిల్ల గుమ్మంలో ఉంది, వెనక అల్లుడి టెంపో. మార్కులు గొప్పవేమీ కావు. గట్టెక్కింది, అంతే. అల్లుడు లోపలికొచ్చి, ఈసారి తనే కాఫీ అడిగాడు. కప్పు పట్టుకుని నా డబ్బాల మీది రాతలు ఒక్కొక్కటే చదివాడు.

"అత్తా, ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాసుకున్నోళ్ళని నిన్నే సూస్తాండాను" అన్నాడు.

చీకటి పడకముందే పిల్ల తన పాత పుస్తకాలు సర్దసాగింది. అర్థశాస్త్రం పుస్తకాన్ని సగం ధరకు అడిగారట. మా వీధి చివరింట్లో ఒక పిల్ల ఆ ఏడు డిగ్రీలో చేరింది, ఆ పిల్లకు కావాలట.

"అది అమ్మొద్దు. నేను కొంటాను" అన్నాను.

"నువ్వా? నీకేం పరీక్ష ఉండాది?"

"రెండో భాగం సదవలేదు. దేశమంతా కలిపి లెక్క ఎట్ల యేస్తారో సూడల్ల."

"అట్లయితే సగం ధరకి రాదవ్వా. సరుకు ఒగటే, కొనేవాళ్ళు ఇద్దరు. రేటు పెరగతాది."

అల్లుడు కాఫీ పొలమారి దగ్గాడు. నేను చీర చెంగులో ముడి విప్పి, అది అడిగిన రేటే ఇచ్చాను. పిల్ల నోట్లు మళ్ళీ నా చెంగులోనే ముడి వేసింది. పుస్తకం మాత్రం నా ఒళ్ళో మిగిలింది.

పడుకున్నాక వీధి చివరింటి పిల్ల గుర్తుకొచ్చింది. నాకు దొరికిందంటే ఆ పిల్లకు దొరకలేదని అర్థం. నేను కొన్నదానికి అసలు ఖరీదు నా చెంగులోని డబ్బు కాదు.

మర్నాడు పొద్దున లేచి, ముఖం కడుక్కుని, షెడ్డుకు వెళ్ళే ముందు ఆ ఇంటికి వెళ్ళాను. ఆ పిల్ల వాకిట్లో గిన్నెలు తోముతోంది. పుస్తకం నా దగ్గరుందనీ, రోజూ పొద్దున ఒక గంట మా ఇంటికొస్తే ఇద్దరం కలిసి చదువుకుందామనీ చెప్పాను. పిల్ల కంటే ముందు వాళ్ళమ్మ లోపలినుంచి బయటికొచ్చింది.

"పొద్దున్నే పంపిస్తే ఇంట్లో పనెవురు సేస్తారక్కా?"

ఆ ప్రశ్న నేను ఇంతకు ముందు విన్నదే. "ఆ గిన్నెలు ఇట్లియ్యి" అన్నాను. చీర కొంగు బొడ్లో దోపి, పిల్లను పక్కకు జరగమని, మిగిలిన గిన్నెలు తోమి బోర్లించాను. తరవాత ఆ పిల్లను వెంటబెట్టుకుని ఇంటికొచ్చి, రెండో భాగం మొదటి పేజీ తీశాను. షెడ్డుకు ఆరోజు గంట ఆలస్యంగా వెళ్ళాను. ఆ గంట కూలి కోసేశారు.